ఎవరుండమన్నారమ్మా
బట్టలు కుట్టే షాపులో అందరూ ఆవిడని కాజాలక్క అనేవాళ్లు. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం ఆవిడ పని. మొగుడు జ్వరంతో పోయేనాటికి కూతురింకా తప్పటడుగులు వేస్తోంది. పిల్లని బల్ల కింద గుడ్డపీలికల మీద పడుకోబెట్టి, ఏడిస్తే కాలివేళ్లతో నిమురుతూ కుట్టేది.

ఆ షాపులోనే కటింగ్ మాస్టారుండేవాడు. భార్య పోయినవాడు, పిల్లల్లేరు. మనిషి మాటకన్నా కత్తెర చప్పుడే ఎక్కువ వినపడేది. కొన్నేళ్లు చూసి చూసి, ఒకరోజు టీ తాగుతూ అడిగాడు.

"ఒక్కణ్ణీ కూచుని తినడం నావల్ల కావట్లేదు. పెళ్లి చేసుకుందాం. పిల్లని తీసుకుని వచ్చెయ్యండి."

"ఆలోచించుకుని చెప్తా" అంది గానీ, ఆ సాయంత్రం ఇంటికెళ్తూ అద్దాల షాపు ముందాగి జుట్టు సర్దుకుంది.

కూతురికప్పుడు తొమ్మిదేళ్లు. సంగతి వినగానే కంచం తోసేసింది. మర్నాడూ ముట్టలేదు. ఆ పైరోజు బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. టీచరు కబురు పెడితే చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది తల్లి.

"ఆయనొస్తే నేను చచ్చిపోతా" అంది పిల్ల, మెడ కావిలించుకుని.

"రాడులే" అంది తల్లి.

"చిన్నపిల్ల, సర్దుకుంటుంది" అని మాస్టారు నచ్చచెప్పి చూశాడు. ఆవిడ సూది మీంచి తలెత్తలేదు. ఏడాది తిరక్కుండా ఆయన ఇంకొకావిణ్ణి చేసుకుని వేరే షాపుకి మారిపోయాడు.

ఆవిడకి కళ్లజోడొచ్చింది, నడుం వంగింది. కూతురికి చదువొచ్చింది, ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది. ఆడపిల్ల పుట్టింది. మొగుడితో పొసగక విడాకులై, పిల్లని చంకనేసుకుని తల్లి ఉంటున్న రెండు గదుల్లోకే వచ్చిపడింది.

ఆ పిల్ల బడికెళ్లే వయసొచ్చాక, ఒక ఆదివారం మేడ మీద బట్టలారేస్తూ చెప్పింది కూతురు, ఆఫీసులో ఒకతన్ని చేసుకుంటున్నానని.

"పిల్ల ఒప్పుకుందా?" అంది తల్లి.

"ఏడుస్తోంది. రెండ్రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. పిల్లలేడ్చారని మన బతుకు ఆపుకుంటామా?"

"నేనాపుకున్నాను."

కూతురు క్లిప్పులు పెడుతూనే ఉంది. "ఎవరుండమన్నారమ్మా? తొమ్మిదేళ్ల పిల్ల మాట పట్టుకుని ఎవరైనా బతుకు పాడుచేసుకుంటారా? ఉండిపోయి నన్నేమైనా సుఖపెట్టావా? అన్నం పెట్టినప్పుడల్లా అదే మొహం. ఏ ముద్ద మింగినా నీ బతుకే మింగుతున్నట్టుండేది నాకు."

తల్లి చేతిలో తడిదుప్పటి అలాగే తీగ మీద పడేసి దిగిపోయింది. పొయ్యి దగ్గర నిలబడి, కూతురన్న మాటల్లో అబద్ధమెంతో వెతుక్కుంది. అనుకున్నంత దొరకలేదు. అందుకే ఇంకా మండింది.

పెళ్లి నాలుగు సంతకాలతో అయిపోయింది. సాయంత్రం కొత్త అల్లుడు పిల్ల సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చెడ్డవాడేం కాదు, పిల్లకని రంగుపెన్సిళ్లు తెచ్చాడు. పిల్ల మాత్రం అమ్మమ్మ నడుం చుట్టేసి వదల్లేదు.

"నువ్వు చెప్పమ్మా, నీ మాట వింటుంది" అంది కూతురు. విడాకులై ఆ ఇంటికి తిరిగొచ్చాక మొదటిసారి బతిమాలుతున్న గొంతు.

రెండు మంచి మాటలు చెబితే పిల్ల కదిలేదే. ఆవిడకా సంగతి తెలుసు.

"నన్నెవరు చెప్పమన్నారు? నీ పిల్ల, నీ ఇష్టం" అంది.

కూతురు అతని చేతిలోంచి సంచీ తీసుకుని గోడవార పెట్టింది. "సరే. కొన్నాళ్లు ఇక్కడే ఉండనీ. అలవాటయ్యాక తీసుకెళ్తా."

అలవాటూ కాలేదు, తీసుకెళ్లనూ లేదు. అక్కడ బాబు పుట్టాక ఆదివారాలు రావడం కూడా తగ్గిపోయింది. కీళ్లనొప్పులతో అమ్మమ్మ మళ్లీ జడలేయడం, బడిగేటు దగ్గర కాచుకోవడం మొదలుపెట్టింది. కనికరం కూడా మునుపంత మిగల్లేదు ఆవిడలో.

ఒకరోజు జడ వేయించుకుంటూ పిల్ల అడిగింది. "అమ్మ ఎప్పుడొస్తుంది అమ్మమ్మా?"

"రానంది మీ అమ్మా? వెళ్లనంది నువ్వేగా?"

అన్నాక ఆవిడ నాలుక కరుచుకుంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు, జడ పూర్తిచేసి రిబ్బను కట్టింది. పిల్ల పుస్తకాల సంచీ భుజానికేసుకుని ముందు నడిచింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు.