ఒకే రేడియోకి రెండు పెట్టెలు

మా మరిది మీద నాకు అనుమానం మొదలైంది ఒక మధ్యాహ్నం. విశాఖలోని నా స్నేహితురాలు రేడియోలో తన కూతురి పెళ్లిచూపుల కబుర్లు పంపుతోంది. కిందికెళ్లి అన్నం దించి వచ్చేసరికి లైను తెగిపోయి ఉంది. పక్క బల్ల మీద మరిది పెట్టె మాత్రం ఎర్రలైటు వెలిగించుకుని నిక్షేపంగా పనిచేస్తోంది.

ఎనభైలు ముగుస్తున్న రోజులవి. వరంగల్‌లో మాది నేత ఇల్లు. కింద మా ఆయన పవర్‌లూములు, మేడ మీద చిన్న గదిలో మా హామ్ రేడియో. ఆ పిచ్చి నాకు అంటించింది కాలేజీ ల్యాబులో పనిచేసే మా మరిదే. వంటింట్లో గరిటెతో గిన్నె మీద మోర్స్ కొట్టించి మరీ నన్ను పరీక్షకు పంపాడు. లైసెన్సులు ఇద్దరికీ వచ్చాయి కానీ రేడియో ఒక్కటే కొనగలిగాం. ఆ తర్వాత ప్యాకెట్ అనే కొత్త పద్ధతి వచ్చింది. కంప్యూటర్లో టైపు చేసిన మాటల్ని ఒక చిన్న పెట్టె మూటలు కట్టి, కీచుమనే శబ్దంగా మార్చి రేడియోలో పంపుతుంది. అవతలి పెట్టె 'అందింది' అనేదాకా మళ్లీ మళ్లీ పంపుతుంది. ఎంతకీ జవాబు రాకపోతే విసిగి లైను తెంచేస్తుంది. లైసెన్సుతో ఇచ్చే పిలుపుపేరు, అదే కాల్‌సైన్, ఎవరిది వాళ్లదే కాబట్టి ఎవరి పెట్టె వాళ్లకుండాలని, రెండు తెచ్చుకుని ఆ ఒక్క రేడియోకే తగిలించాం.

నాకు ఓపిక తక్కువ, అనుమానం ఎక్కువ. మరిది ఇంట్లో లేనప్పుడు నా లైను బంగారంలా నడిచేది. వాడొచ్చి తన పెట్టె ఆన్ చేశాడా, నాది తెగేది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నేనటు వంటింట్లోకి వెళ్లగానే వీడిటు నా ప్లగ్గు లాగేస్తున్నాడని తేల్చుకున్నాను.

ప్లగ్గుకు ఎర్రపోగు చుట్టి, మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి వేశాను. బయటివాళ్లు విప్పితే మళ్లీ అలా వేయలేరు. లైను ఎప్పటిలాగే తెగింది, ముడి మాత్రం చెక్కుచెదరలేదు. అయినా నా మనసు కుదుటపడలేదు. ఆ ముడి నేను నేర్చుకుంది మా అత్తమ్మ దగ్గర. వాడూ అక్కడే నేర్చుకున్నాడు.

వాడి చూపూ మారింది. "వదినా, జర నా పెట్టె ముట్టకు" అన్నాడొకరోజు. "నీ పెట్టెతోని నాకేం పని?" అన్నాను. ఇక మాటలు లేవు. కంచం ముందు తలొంచుకుని తిని లేచిపోయేవాడు.

అత్తమ్మ ఇదంతా చూసింది. "మాటలు బందయినంక పొయ్యి ఒక్కటెందుకు? ఐతారం పెద్దమనుషులను పిలుస్త" అంది. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు లాగుల పిల్లవాడు. ఇప్పుడు కొత్తగా పెళ్లయింది. వాడు వేరుపడితే నేను తట్టుకోలేను. అలాగని వాడిచేత దొంగపని ఒప్పించకుండా వదలనూ లేను.

ఆ ఆదివారానికి ముందురోజు వాణ్ణి మేడ మీదికి పిలిచాను. "రెండు పెట్టెలు నడవనియ్. చేతులు ఒళ్లె పెట్టుకోని కూసో" అన్నాను. "నువ్వు గూడ పెట్టుకో" అన్నాడు. ఒకరి చేతులు ఒకరం కాపలా కాస్తూ కూర్చున్నాం. కాసేపటికి, పెట్టె పంపేటప్పుడు వెలిగే ఎర్రలైట్లు రెండూ ఒకేసారి వెలిగాయి. ఆరాయి. మళ్లీ కలిసే వెలిగాయి. మా చేతులు కదలనే లేదు, నా లైను తెగింది.

అప్పుడు తట్టింది ఇద్దరికీ. రేడియో మాట్లాడేటప్పుడు వినదు. వాడి పెట్టె పంపుతున్నంతసేపూ నా పెట్టెకు ఏ శబ్దమూ రాదు. దారి ఖాళీగా ఉందనుకుని అదీ మొదలుపెడుతుంది. అవతలికి చేరేది రెండు కూతల కలగాపులగం. రెండు పెట్టెల మధ్య, ఒకటి పంపుతుంటే రెండోదాన్ని ఆపే తీగ వేసుకోవాలని మాకు తోచనే లేదు. అక్కడికక్కడే వేశాం.

"నా లైను గూడ తెగుతుంటె నువ్వే తీస్తున్నవనుకున్న వదినా. నా ప్లగ్గు మీద పెన్సిల్ గీత గూడ పెట్టిన" అన్నాడు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకుని, ఆ నవ్వుతోనే కిందికి పరిగెత్తాం.

అత్తమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. ఒకరి మాట ఒకరం అందుకుంటూ అంతా చెప్పాం. ఓపిగ్గా విని, "అయితే తప్పెవ్వలది?" అంది.

"ఎవ్వలది కాదత్తమ్మా."

ఆమె నా ముఖం చూసింది, కొడుకు ముఖం చూసింది. "ఎవ్వల తప్పు లేకుండనే ఇన్నొద్దులు మొఖాలు తిప్పుకున్నరా? వాటాల లొల్లేదో ఉంది. ఇద్దరు ఒక్కటై నా దగ్గర దాస్తాన్రు" అంది.

ఎంత బతిమాలినా నమ్మలేదు. ఆదివారం పెద్దమనుషులు వచ్చారు. తప్పెవరిదో తేలలేదు కాబట్టి అన్నీ సమానంగా పంచారు. రేడియోను మాత్రం కోయలేం కదా అని ఉమ్మడిగా వదిలేశారు. సాయంత్రం తోటికోడలు వాకిట్లో కొత్త పొయ్యి ముట్టించింది. నేను మేడెక్కి కూర్చున్నాను. వాడి పెట్టె పని వాడి పెట్టెది, నా పెట్టె పని నా పెట్టెది. ఒకటి పంపుతుంటే ఇంకోటి బుద్ధిగా ఆగుతోంది. ఇంట్లో అందరూ బాగేనా అని విశాఖ నుంచి అడిగింది నా స్నేహితురాలు. బాగే అని పంపాను. మొదటిసారికే అందింది.