చింతగింజల పొర

నిజాం రాజ్యం పోయిన కొన్నేళ్ళకు జరిగిన మాట. కల్వకుర్తికి అవతల మా అత్తగారి ఊళ్ళో మేము గొర్రెలు కాసేవాళ్ళం, గొంగళ్ళు నేసేవాళ్ళం. నేసిన గొంగడికి చింతగింజల అంబలి పట్టించడం మా ఇంట్లో ఆడవాళ్ళ పని. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే జిగురుగా వస్తుంది. అది ఎంత మందంగా పడితే గొంగడి వానకు అంత బాగా ఆగుతుంది.

మా బిడ్డ నాలుగో ఏట, స్నానానికి కాచిన నీళ్ళు కుడిచేతి మీద ఒలకబోసుకుంది. మోచేతి లోపలివైపంతా తోలు ఊడింది. కల్వకుర్తి దవాఖానలో కాంపౌండరు మందు రాసి గుడ్డ కట్టాడు.

"మడత కాడ జర పైలం అమ్మా. అతుక్కపోయి మానితే చెయ్యి సాగదు," అన్నాడు.

ఆ గుడ్డ విప్పిన ప్రతిసారీ కొత్తగా వచ్చిన తోలు దానితోపాటే ఊడేది. పిల్ల మొదట్లో ఏడ్చేది. తర్వాత ఏడుపు మానేసి గోడవైపు చూసేది. నేనూ అటే చూసేదాన్ని.

ఒకనాడు అత్త అంబలి కుండ అంచున ఆరిన పొరను గోటితో లేపి నా చేతిలో పెట్టింది. "గిది పుండుకు అంటుకోదు పిల్లా. గిది పరిచి, మీద గుడ్డ కడ్దాం."

అలవాటు కొద్దీ పొరను గొంగడికి పట్టించినట్టే మందంగా పోసి, ఆరాక పుండు మీద పరిచింది. మరునాటికి పొర అట్టలా బిగిసి, అంచులు లేచి పుండులో గుచ్చుకుంది. కింద నీరు చేరింది. అత్త ఆ పొరను తీసి పారేసింది.

"నా చెయ్యి వానను ఆపెటందుకే అలవాటయింది," అంది. "పల్చగ నువ్వే పొయ్యి."

అంబలిని పాత ధోవతి గుడ్డలో వడగట్టి, అన్నం తినే కంచు తలె వెనక నెయ్యి రాసి పోసి, తలెను అటూ ఇటూ వంచేదాన్ని. ఎండలో పెడితే పగిలేది కనుక నీడలో ఆరబెట్టేదాన్ని. చిన్నప్పుడు మా బాపు నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన స్తోత్రాల పుస్తకం మీద పొరను పరిచి చూసేదాన్ని. కింది అక్షరాలు కనిపిస్తే పనికొస్తుంది. పెదవులు వాటంతటవే చదివేవి. మనసులో మాత్రం ఏమీ కదిలేది కాదు. కాచి చల్లార్చిన నీళ్ళతో పొరను మెత్తబరిచి పుండు మీద పరిచేదాన్ని.

పక్కింటి ముసలమ్మ తొంగిచూసి, "తలె వెనక అట్లు పోస్తున్నవా? నాకొకటి పెట్టరాదు," అనేది.

"ఉప్పెయ్యలేదు పెద్దమ్మా," అనేదాన్ని. ఆమె నవ్వేది.

గుడ్డతో తోలు ఊడిరావడం ఆగింది. లేత తోలు నిలిచింది. ఆ దారి చూపిన అత్తను ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను.

మళ్ళీ దవాఖానకు పోయినప్పుడు కాంపౌండరు పిల్ల చెయ్యి మెల్లగా సాగదీశాడు. కొంతదూరం వచ్చి ఆగింది.

"పుండు మంచిగ మానింది. గీ వంకర మాత్రం ఉంటదమ్మా. గింతే."

ఆయనకు దండం పెట్టి బయటికి వచ్చాను. మెట్ల మీద అత్త కొంగుముడి విప్పి బెల్లం ముక్క పిల్ల కుడిచేతిలో పెట్టింది. ఇద్దరం ఆ చేతినే చూశాం. అది నోటిదాకా వచ్చింది.

"తింటది," అంది అత్త.

తినే చెయ్యి మిగిల్చావు స్వామీ, అని చెప్పుకున్నాను. చెప్పవలసిన మాట కనుక చెప్పాను. ఆ మాట నా మనసుకు ఎక్కడా తగల్లేదు. పిల్ల వేళ్ళు నాకుతోంది. బస్సు వచ్చేదాకా అట్లాగే నిలబడ్డాం.