మామ్మకి రెండో టేక్

ఒక మంచి నాయకుణ్ణి చెడగొట్టడానికి ఎదుటి పార్టీవాళ్ళకి అయిదేళ్ళు చాల్లేదు. నాకు మూడు నెలలు సరిపోయాయి. ఆ ఘనకార్యంలో మా మామ్మ రెండుసార్లు మురుగునీళ్ళలో కూర్చుంది. మొదటిసారి వాన వల్ల, రెండోసారి నా వల్ల. చెబుతాను, నవ్వుకోండి. మామ్మ ఎదురుగా మాత్రం నవ్వకండి.

మాది కూర్మన్నపాలెం. మా కార్పొరేటర్ సింహాచలం బాబాయ్, మా నాన్నతో పాటు స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే పాత మోపెడ్ మీద వార్డంతా తిరిగేవాడు. జేబులో చిన్న నోటుబుక్కు. కుళాయి రాలేదంటే రాసుకునేవాడు, వీధిలైటు వెలగలేదంటే రాసుకునేవాడు, పనయ్యాక గీత కొట్టేసేవాడు. ఆయనకి తెలిసిన రాజకీయం అంతే.

నేనప్పుడు డిగ్రీ పూర్తిచేసి, ఫోనులో వీడియోలు అతికించే విద్యలో ఆరితేరి, ఇంట్లో ఊరికే తింటున్నాను. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. పాపం, ఆయన్ని చూసి జాలేసింది.

"బాబాయ్, నువ్వింత సేత్తన్నావ్, ఎవుడికి తెలస్తంది? రీల్స్ ఉండాల."

"నోటుబుక్కుంది కదరా అప్పల్రాజూ."

"దానికి లైకులు రావు బాబాయ్!"

మొదటి రీల్‌లో బాబాయ్ కాలువలోకి తొంగిచూశాడు. అంతే, చూశాడు. దానికి నేను డప్పుల మోత కలిపి, స్లోమోషన్‌లో నడిపించేసరికి, యుద్ధానికి వెళ్తున్నవాడిలా కనబడ్డాడు. జనం విరగబడి చూశారు. మర్నాటికి బాబాయ్ జుట్టుకి రంగేశాడు. నెల తిరక్కుండా నల్ల కళ్ళద్దాలొచ్చాయి, కాలరుకి మైకొచ్చింది, నోటుబుక్కు కనబడకుండా పోయింది. నేను పొంగిపోయాను.

ఆ రోజుల్లోనే మామ్మ ఆయన్ని వీధిలో ఆపింది.

"మా ఇంటి పక్క కాలువ పూడిపోనాది నాయనా. వానొత్తే నీళ్ళు ఇంట్లోకే."

పూర్వమైతే రాసుకునేవాడు. ఇప్పుడు నా వైపు చూశాడు. "ఏట్రా, రీల్ తీద్దామా?"

ఇక్కడండీ, నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "ఇప్పుడొద్దు బాబాయ్. ఎండలో కాలువ ఏటి బాగుంటాది? వానలు పడనీ, అప్పుడైతే బాగా ఆడతాది" అన్నాను. సొంత మామ్మ ఇంటి పక్క కాలువ గురించి!

వానలు పడ్డాయి. అల్పపీడనం పుణ్యమా అని రెండు రోజులు ఆగకుండా పడ్డాయి. మూడోనాడు పొద్దున్న లేచేసరికి గ్యాసుబండ వంటగదిలోంచి హాల్లోకి ఈదుకొచ్చింది. మామ్మ కూర్చున్న నవారు మంచం సగం నీళ్ళలో ఉంది. బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"పది నిమిషాల్లో వొత్తన్నాను" అన్నాడు. అన్నట్టే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త గమ్‌బూట్లు.

"కెమెరా ఎక్కడెట్టావు?"

నిజం చెబుతున్నాను, నాకప్పుడు బుద్ధి రావాలి. రాలేదు. ఫోను నిలువుగా పట్టుకున్నాను. బాబాయ్ మామ్మని రెండు చేతులా ఎత్తుకుని, వీధి దాటించి, ఎదురింటి అరుగు మీద పెట్టాడు. అప్పుడు నా నోట్లోంచి అలవాటుగా ఆ మాట వచ్చేసింది.

"బాబాయ్, వెలుతురు సరిపోలేదు! మామ్మని మళ్ళీ లోపల కూకోబెట్టు!"

బాబాయ్ కూడా మారుమాట లేకుండా ఎత్తుకెళ్ళి మంచం మీద పెట్టాడు. అంత మంచి శిష్యుడు.

"ఏట్రా గుంటడా," అని మామ్మ అరిచింది, "నన్ను ఆరబెట్టి మళ్ళీ తడుపుతన్నావా?"

ఆ హడావిడిలో నేను ఎక్కించింది కత్తిరించిన వీడియో కాదు. మొత్తం వీడియో. నా గొంతుతో సహా.

మధ్యాహ్నానికి బాబాయ్ ఫోను. "ఒరే, తెగ ఆడతంది!" గంట తర్వాత మళ్ళీ ఫోను. ఈసారి కింద కామెంట్లు చదివాడు. "మామ్మకి మూడో టేక్ ఎప్పుడు?" అని తగరపువలస నుంచి ఎలమంచిలి దాకా అడుగుతున్నారు. ఆయన తిడితే బాగుండేది. తిట్టలేదు. "తప్పు నాదేరా. నాను రాసుకోవాల్సింది" అని ఫోను పెట్టేశాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే, ఆ వీడియో చూసిన అధికారులు యంత్రంతో దిగి మా కాలువ తవ్విపోశారు. బాబాయ్ మోపెడ్ మీద వచ్చి, నోటుబుక్కు తీసి, ముందు రాసుకుని, వెంటనే గీత కొట్టేశాడు. మామ్మ ఆయనకి కాఫీ ఇచ్చింది. నాకివ్వలేదు.

ఎన్నికల్లో బాబాయ్ ఓడిపోయాడు. గెలిచినాయన డాన్సు బాగా చేస్తాడు. ఆయన్ని మా వార్డువాళ్ళు ఇప్పటికీ ఫోనులోనే చూస్తున్నారు. మొన్న వెనకవీధి ఆదిలక్ష్మత్త మా ఇంటికొచ్చింది.

"మా కాలువ పూడిపోనాది అప్పల్రాజూ. ఎంత సెప్పినా ఎవుడూ రాడు. మీ మామ్మని ఓ గంట పంపుతావేటి?"

లోపల్నుంచి మామ్మ కేకేసింది. "వొత్తాను గానీ, ఒకటే టేకు!"

కాబట్టి ఆ నవారు మంచం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ నాయకుణ్ణీ పైకి తీసుకురాను. ఎవరైనా నోటుబుక్కుతో కనబడితే నా ఫోను జేబులోనే ఉంచుకుని, పెన్ను మాత్రం ఇస్తాను.