వేలెడు వదులు

మూడో తరగతి చదివే కూతురు ప్రతి సోమవారం ఆ వారం పాఠమేమిటో ఇల్లంతా చాటింపు వేసేది. ఒక వారం గడియారం చూడటం, ఇంకో వారం దిక్కులు. ఏది చెప్పినా చివర "మా టీచర్ చెప్పింది" అని తగిలించేది. ఆ మాట వింటే తల్లికి ఒళ్ళు మండిపోయేది. గడియారం చూడటం తను నేర్పలేదా? అప్పుడు ఆవులిస్తూ కూర్చుంది కదూ, ఈ గడుగ్గాయి!

కొలతల వారం మొదలవగానే తల్లికి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ దర్జీ. కొలతల విషయంలో తన మాటకు తిరుగేముంటుంది? తీరా చూస్తే, టేపు కింద ఒక వేలు పెట్టి ఎవరికో ఛాతీ కొలత తీస్తుంటే పిల్ల పక్కన చేరింది.

"టేపు బిగించి పట్టాలమ్మా. మా టీచర్ చెప్పింది."

మర్నాడు ఆవిడ తాడోపేడో తేల్చుకుందామని మెడలో టేపుతోనే బడికి వెళ్ళింది. తను నోరు తెరవకముందే టీచరు అందుకుంది.

"మీ అమ్మాయితో వేగలేకపోతున్నానండీ. వరండా స్తంభం చుట్టుకొలత తియ్యమంటే టేపు కింద వేలు పెడుతుంది. వేలు తియ్యవే అంటే, 'స్తంభానికి ఊపిరాడద్దా? మా అమ్మ ఇలాగే కొలుస్తుంది' అంటుంది. ఏం చెప్పినా మా అమ్మ, మా అమ్మ! ఇంక నేనెందుకు ఇక్కడ?"

తల్లి నవ్వు ఆపుకుంటూ, "చిన్నపిల్ల కదండీ, పోనివ్వండి" అంది. వెళ్ళబోతూ ఆగింది.

"వచ్చే వారం పాఠమేంటండీ?"

"బరువులు."

ఆవిడ ఇంటిదారి వదిలేసి తిన్నగా కిరాణా కొట్టుకు నడిచింది, త్రాసు పట్టడం నేర్చుకోవడానికి.