నక్కలకు మందు చల్లిన చలికాలం

ఇక్కడ అమెరికాలో, షాంటిలీలో మా అమ్మాయి ఇంటి వెనుక చెట్లగుంపు ఒకటి ఉంది. మొన్న పొద్దున నేను కాఫీ కలుపుకుంటూ ఉంటే, మనవరాలు అద్దాల తలుపు దగ్గర నిలబడి, "అమ్మమ్మా, ఫాక్స్ వచ్చింది చూడు, సో క్యూట్ కదా," అంది. గడ్డిలో నిలబడిన ఎర్రనక్క ఒకసారి మావైపు చూసి తన దారిన తాను పోయింది. దానికి ఏ జబ్బూ లేదని నడక చూడగానే తెలిసింది నాకు. అయినా కాఫీ వదిలేసి వెళ్ళి ఆ తలుపు గడియ బిగించాను. ఉద్యోగమంతా పశువుల డాక్టరుగా చేసినదానివి, నక్కను చూసి భయపడటమేమిటని మా అమ్మాయి నవ్వుతుంది. దానికి నేనెప్పుడూ ఈ సంగతి పూర్తిగా చెప్పలేదు.

పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పొడిచే సూదులు నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అవి పెద్దాసుపత్రిలోనే దొరికేవి. మా ఊరి నుంచి అక్కడికి పోవాలంటే కొంత బండిమీద, కొంత బస్సుమీద. వేరుశనగ చేలో పరిగె ఏరుకుంటున్న మా అక్కను పట్టపగలు నక్క వచ్చి మడమ మీద కరిస్తే, కరిచింది కుక్క కాదు కదా అని మావాళ్ళు పసరు కట్టి ఊరుకున్నారు. గాయం చక్కగా మానింది కూడా. అక్క మళ్ళీ తొక్కుడుబిళ్ళ ఆడింది, నాకు జడలు వేసింది, చింతచిగురు కోసుకొచ్చింది. అందరం ఆ నక్కను మరిచిపోయాక ఒకనాడు అక్క మంచినీళ్ళ చెంబు నోటిదాకా తీసుకుని విసిరికొట్టింది. ఆ తరువాత ఆమెను గొడ్లసావిట్లో పెట్టి తలుపు మూశారు. పెద్దవాళ్ళ కన్నుగప్పి నేను వెళ్ళి తడిక సందులోంచి పిలిచాను. మతి పోయిందని అందరూ అనుకుంటున్నారు గాని, అక్క నన్ను గుర్తుపట్టింది. "దగ్గరికి రామాకే, కరుస్తానేమో నిన్ను," అంది.

ఆ ఆఖరి మాట నేను అమ్మకు కూడా చెప్పలేదు. పశువైద్యం ఎందుకు చదివావని ఎవరైనా అడిగితే, మెడిసిన్‌లో సీటు రాలేదని చెప్పేదాన్ని.

పెళ్ళయి అమెరికా వచ్చి, ఇక్కడి పరీక్షలన్నీ మళ్ళీ రాసి, టెక్సాస్‌లో అడవి జంతువుల జబ్బులు చూసే ఆఫీసులో చేరాను. పడమటివైపు ముళ్ళపొదల నేలల్లో బూడిదరంగు నక్కలకు రేబీస్ పాకి, వాటినుంచి మేకలకు, గుర్రాలకు, కుక్కలకు అంటుకుంటున్న రోజులవి. నక్కను పట్టుకుని సూది వెయ్యడం అయ్యే పని కాదు కనుక, చేపపొడి కలిపిన ఎరల్లో టీకామందు పెట్టి చిన్న విమానాల్లోంచి చల్లేవాళ్ళం. నక్క ఎరను కొరికితే మందు నోట్లో పడుతుంది. ఆ నీచువాసన బట్టలకు, జుట్టుకు పట్టి, మావారు నన్ను గుమ్మం బయటే నిలబెట్టి నవ్వేవారు.

మొదటి చలికాలంలోనే ఒక పెద్దావిడ తన పొలం మీద మందు పడటానికి వీల్లేదని కబురు చేసింది. భర్త పోయాక మేకల్ని ఒక్కతే చూసుకుంటున్న మనిషి. మధ్యలో అంత నేల వదిలేస్తే జబ్బు అక్కడ దాగి మళ్ళీ పాకుతుంది. వెళ్ళి ఒప్పించమని మా ఆఫీసరు నన్ను పంపాడు.

తన కుక్క పడుకుని ఉన్న వసారాలోనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది, మాట మాత్రం కరుకుగానే చెప్పింది. "నా చిన్నప్పుడు కూడా విమానాలు వచ్చాయి. తోడేళ్ళకని విషం చల్లారు. మా కుక్కలు తిన్నాయి. ఒకటి నా ఒళ్ళోనే పోయింది. పైనుంచి మీరు పడేసేది ఏదీ నాకు వద్దు."

ఇది విషం కాదు, మందు అన్నాను. వాళ్ళూ మంచికే అని చెప్పారంది. నేర్చుకొచ్చిన మాటలన్నీ అయిపోయాయి. ఇక లేచి వచ్చేయవలసినదాన్ని, ఎందుకో అక్క సంగతి మొదలుపెట్టాను. కట్టుకున్నవాడికి కూడా చెప్పని మాట, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడకు, నా భాష కాని భాషలో చెప్పాను. తడిక దగ్గర అక్క అన్నది ఇంగ్లీషులో చెప్పేసరికి అది మరీ చిన్న మాటగా వినిపించింది.

ఆవిడ నా కప్పులో మళ్ళీ కాఫీ పోసి అడిగింది.

"నేను వద్దంటే రేపు మీ విమానం మందు చల్లకుండానే నా పొలం దాటిపోతుందా?"

"అవునండీ, దాటిపోతుంది."

"దాటిపోనివ్వకు."

మరునాడు విమానంలో నేనే కూర్చున్నాను. ఎరలు ఒక్కొక్కటే కింది ముళ్ళపొదల్లోకి జారిపోతుంటే, మా వేరుశనగ చేను కళ్ళముందు కదిలింది. ఆ ఇంటి ముందు పెద్దావిడ నిలబడి తలెత్తి చూస్తోంది, కుక్క మాత్రం కనిపించలేదు, లోపల కట్టేసుకున్నట్టుంది.

మందు పనిచేసిందో లేదో చూడటానికి తరువాత నక్కల్ని బోనుల్లో పట్టి, మత్తిచ్చి, నెత్తురు తీసేవాళ్ళం. ఆవిడ పొలంలోనే ఒకటి పడింది. తోలు చేతొడుగులు వేసుకుని, మొట్టమొదటిసారి బతికున్న నక్కను ఎత్తుకున్నాను. పిల్లి కంటే కాస్త పెద్దది, ఎంత తేలికో. దాన్ని ద్వేషిస్తానేమోనని అంతకాలం భయపడ్డాను. కడుపు మెల్లగా ఎగసిపడుతుంటే చూస్తూ, అక్కను కరిచింది కూడా ఇలాంటిదేనని, దాహంతో, నీళ్ళు మింగుడుపడక తిరిగి తిరిగి చేలోకి వచ్చి ఉంటుందని మొదటిసారి అనుకున్నాను. నెత్తురులో టీకా పట్టిందని తేలాక ఆవిడకు ఫోన్ చేశాను. "సరే," అని, "మీ అక్క పేరేమిటి?" అని అడిగింది. చెప్పాను. పలకడానికి ప్రయత్నించింది, తప్పుగానే పలికింది.

ఏటేటా తగ్గుతూ ఆ జబ్బు అక్కడి నక్కల్లోంచి పోయింది. కరవబోయి కరవని నక్క ఏదో, దానివల్ల బతికిన పిల్ల ఎవరో ఎవరికీ తెలియదు. అది మంచిదే. పోయినవాళ్ళను మాత్రం పేరుతో సహా మోయాలి.

మా ఊళ్ళో ఇప్పుడు నక్కలే లేవట. ఆ చేలన్నీ ప్లాట్లయ్యాయని, ఊళ వినక చాలా ఏళ్ళయిందని తమ్ముడు ఫోన్లో చెబుతుంటాడు. వాడు అక్క పోయాక పుట్టినవాడు. అక్కకు ఫోటో కూడా లేదు. ఆ ఊళ వింటే తలుపులు బిగించుకునే భయం ఒకప్పుడు మా ఇంటిల్లిపాదికీ ఉండేది, అమ్మకు, నాన్నకు, నాయనమ్మకు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇప్పుడా భయం నా ఒక్కదానిదే అయింది, దాన్ని కూడా వదిలేస్తే అక్క ఇంకెక్కడ ఉంటుందో నాకు తెలియడం లేదు.