చైనుకి చందనం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్ల బట్ట తెల్లగా ఉండేది కాదు. రేవులో ఓడలకెక్కించే ఇనుప ఖనిజం దుమ్ము గాలికి లేచి మా వీధంతా పరుచుకునేది. పొద్దున్న ఆరేసిన పంచె మధ్యాహ్నానికి కాషాయం అయిపోయేది. మా అమ్మ ఆ దుమ్మును తిడుతూ దులిపేది, దులుపుతూ తిట్టేది. మిగతా వాళ్ళం పట్టించుకోవడం మానేశాం.

మా చిన్న మావయ్యకి ఆ రేవులోనే ఉద్యోగం. ఆయనా, అమ్మమ్మా మా ఇంట్లోనే ఉండేవారు. ఎవరో బదిలీ అయి వెళ్ళిపోతూ అమ్మేస్తే ఒక పాత మోటారు సైకిలు కొన్నాడు. చైను మీద ఉండాల్సిన రేకు మూత అప్పటికే ఎక్కడో రాలిపోయింది. ఉప్పుగాలికి చైను తుప్పు పట్టిపోతుందని ఆయనకి ఒకటే బెంగ. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కొట్లో పసుపుపచ్చ గ్రీజు డబ్బా కొనుక్కొచ్చి, అరచేత్తో తీసి, చైను ఆనవాలు తెలియకుండా మెత్తేశాడు. అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ ఆ వాసనకి లేచొచ్చి వేలితో ముట్టుకుని చూసింది.

"ఏట్రా ఇది? అప్పన్నకి సందనం పులిమినట్టు పులిమీసినావు!"

"ఎంత మందంగా పూత్తే అంత మంచిదమ్మా. ఉప్పుగాలి సొరబడదు," అన్నాడు మావయ్య, చేతులు తుడుచుకుంటూ. మా మావయ్యకి ఏదైనా దండిగా ఉండాలి. పప్పులో నెయ్యీ అంతే, మొహానికి పౌడరూ అంతే.

అమ్మమ్మ నోట అప్పన్న పేరు ఊరికే రాలేదు. సింహాచలంలో స్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. ఒక్క అక్షయ తదియనాడు ఆ పూత తీసి నిజరూపం చూపిస్తారు. ఆ దర్శనం కావాలని ఆవిడ ఏటా అనేది, ఏటా ఏదో ఒకటి అడ్డం పడేది. ఆ ఏడు సంగతి వేరు. ఆవిడ కళ్ళలో నరం ఎండిపోతోందని, అది ఆపరేషనుతో బాగయ్యేది కాదని కంటి డాక్టరు చెప్పేశాడు. పక్కలు అప్పటికే చీకటి. ఎదురుగా నిలబడితే మనిషి అని మాత్రం తెలిసేది. మరుసటి ఏడుకి అదీ ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ మోకాళ్ళతో ఆ రోజు బస్సుల్లో తొక్కిసలాట అయ్యే పని కాదు. నా బండి మీద నేను కొండెక్కిస్తానని మావయ్య మాటిచ్చాడు.

పండక్కి కొన్నాళ్ళ ముందు, కూర్చోవడం అలవాటు కావాలని ఆవిడని వెనకాల ఎక్కించుకుని, నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. రైలు గేటు దాటామో లేదో, కింద కరకరమని చప్పుడైంది. ఒక్క కుదుపుతో చైను ఊడి వెనక చక్రంలో ఇరుక్కుంది. మావయ్య కాళ్ళు ఆన్చి బండినీ నన్నూ పడకుండా ఆపాడు గానీ, అమ్మమ్మ జారి రోడ్డు పక్కన చతికిలబడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది.

ఇంటికొచ్చాక మా అమ్మ ఊరుకుంటుందా! "దేవుణ్ణి సూడబోయి ఆయన దగ్గరికే ఎల్లిపోదువు. ఈ యేడు మానీ అమ్మా. వచ్చే యేడు కారు మాటాడదాం," అంది.

అమ్మమ్మ మోచేతికి పసుపు అద్దుకుంటూ, "వచ్చే యేడు కారుంటాది. నా కళ్ళే ఉండవు," అంది.

అమ్మ ఒక గుడ్డ ముక్క తెచ్చి ఆ మోచేతికి కట్టింది. నాకు మాత్రం చాలా భయం వేసింది. కళ్ళుండవంటే ఊడిపోతాయనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మావయ్య బండి ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. పసుపుపచ్చగా పూసిన గ్రీజు రేవు దుమ్మంతా పట్టి ఎర్రమట్టి ముద్దలా ఉంది. అమ్మమ్మ వచ్చి పక్కన పీట వేసుకుంది. ఆ ముద్ద కాస్త తీసి రెండు వేళ్ళ మధ్య నలిపింది.

"ఇసక సూడు ఎలా తగులుతందో. దుమ్ముని రమ్మని పీటేసి కూకోబెట్టినావురా నువ్వు."

పెళ్ళైన కొత్తలో వాళ్ళ ఊళ్ళో ఎడ్లబండికి కందెన పెట్టేది ఆవిడేనట. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి ఇరుసుకి రాయడం. పాతది శుభ్రంగా తుడవకుండా కొత్తది రాస్తే ఇరుసు అరిగిపోతుందని మా తాతయ్య కేకలేసేవాడట. చైను సంగతి ఆవిడకి తెలియదు, తెలుసని అననూ లేదు. మావయ్య లింకు విప్పి చైనుని పాత సత్తు గిన్నెలో కిరసనాయిలు పోసి నానబెట్టాడు. ఇద్దరూ కలిసి బ్రష్షుతో తోమితే కిరసనాయిలు ఎర్రగా అయింది, చైను మెరిసింది.

"ఇదిగో, నీ బండి నిజరూపం," అని అమ్మమ్మ నవ్వింది. అంతవరకూ మొహం వేలాడేసుకున్న మావయ్య కూడా నవ్వేశాడు.

తర్వాత ఏ నూనె వెయ్యాలన్న దాని మీద తల్లీకొడుకులకి తగువు పడింది. ఆవిడ ఆముదం అంటుంది. ఆముదం ఆరితే బంక కట్టేస్తుందంటాడు ఈయన. కుట్టుమిషను నూనె వేసి చూడమని మా అమ్మ లోపల్నించి ఒక సలహా పడేసింది. అది మరీ పల్చన, చక్రం తిరిగితే చిమ్మిపోతుందన్నాడు. ఏమాటకామాట చెప్పుకోవాలి, నూనెల విషయంలో మావయ్యదే రైటు. లారీల షెడ్డుకి వెళ్ళి చిక్కటి గేరు నూనె సీసాలో పట్టుకొచ్చాడు.

పెట్టడం మాత్రం అమ్మమ్మ పెట్టింది. మావయ్య పూర్తిగా ఆరిన చైను బిగించి చక్రం నెమ్మదిగా తిప్పుతుంటే ఆవిడ ఒక్కో లింకూ వేళ్ళతో వంచి చూసింది. కళ్ళు ఎటో గుమ్మం వైపు ఉన్నాయి. "ఇదిగో, ఇది బిగిసింది," అనేది. మావయ్య వంగి చూస్తే నిజంగానే ఆ లింకు కదలదు. దాన్ని అటూ ఇటూ ఆడించి, కీలు దగ్గర ఒక్క చుక్క వదిలేది. నా తలకి నూనె రాసేటప్పుడు పాయ తీసి కుదుళ్ళకి పెడుతుందే, అచ్చం అలాగే. చైను చుట్టూ అంతా అయ్యాక కాసేపు ఊరనిచ్చి, పాత పంచె ముక్క తీసుకుని పైన ఉన్న నూనెంతా తుడవడం మొదలెట్టింది.

"అయ్యో, తుడిసీత్తే ఇంకేటి మిగుల్తాదే?" అని మావయ్య గోలపెట్టాడు.

"లోపలికెల్లింది మిగుల్తాది. పైనున్నది నీకు కాదురా, దుమ్ముకి."

పండగనాడు తెల్లవారుతుండగా ముగ్గురం బయల్దేరాం. గోపాలపట్నం దాటినా చప్పుడు లేదు. మావయ్య మాటిమాటికీ తల వంచి వింటున్నాడు. కొండ మలుపుల్లో నేను ట్యాంకుని గట్టిగా కరుచుకుని, చైను ఊడకుండా చూడమని అప్పన్నకి మొక్కుకున్నాను. అది ఊడలేదు.

వరసలో చాలాసేపు నిలబడ్డాం. గర్భగుడి ముందు మాకు దక్కింది కనురెప్పపాటు. చందనం లేని స్వామిని నేను చూశాను. నల్లగా, చిన్నగా ఉన్నాడు. పక్కకి తిరిగి అమ్మమ్మని చూశాను. రెండు చేతులూ జోడించి నవ్వుతోంది. కానీ ఆవిడ మొహం స్వామి వైపు లేదు. కాస్త పక్కన వెలుగుతున్న దీపం వైపు ఉంది. ఈలోగా వెనక నుంచి తోసేశారు.

బయటికొచ్చేటప్పుడు అక్కడ భక్తులు కౌగిలించుకుని మొక్కుకునే స్తంభాన్ని ఆవిడా రెండు చేతులా వాటేసుకుంది. ఎవరో కసిరినా వదల్లేదు. ఆ రాతి మీద ఆవిడ వేళ్ళు నెమ్మదిగా తిరిగాయి, చైను మీద తిరిగినట్టే.

"కనబడ్డాడా అమ్మా?" అని మావయ్య అడిగాడు. గొంతులో ఎంత ఆదుర్దా!

"సూసినాన్రా. బాగా సూసినాను. నాకింక దిగులు నేదు," అంది.

మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కొంచెం నొక్కింది. నేను ఎవరికీ చెప్పలేదు. మావయ్య పోయేదాకా, అమ్మకి ఆ రోజు దర్శనం చేయించానని చెప్పుకుంటూనే ఉన్నాడు. చెప్పుకోనీ, అందులో అబద్ధమేముంది.

ఇప్పుడు నా కళ్ళలోనూ అదే నరం ఎండుతోంది. వంశంలో వస్తుందిట. రోజూ చుక్కలు వేసుకుంటున్నాను, పక్కలు చీకటి పడ్డాయి. మా మనవడు స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తూ కూర్మన్నపాలెంలో ఉంటాడు, నేనూ వాడి దగ్గరే. మొన్న వాడు బండి చైనుకి ఏదో స్ప్రే నురగలా దట్టంగా కొడుతుంటే వాసన వచ్చింది. వెళ్ళి పక్కన కూర్చుని, గుడ్డ అడిగి పైదంతా తుడిచేశాను. చక్రం తిప్పరా అని, బిగిసిన లింకు ఒకటి పట్టుకున్నాను.

"అమ్మమ్మా, నీకు కనబడదు కదా!" అన్నాడు వాడు.

"సూసినాన్రా," అన్నాను. "బాగా సూసినాను."