భీమిలికి నేనే తీసుకెళ్ళాను

నిజం చెప్పాలంటే భీమిలి చూడాలని నాకేమీ కోరిక లేదు. మా అమ్మాయి భవ్య పదో తరగతి పరీక్షలయ్యాక విశాఖపట్నంలో మా తోడికోడలు సుజాత ఇంట్లో కొన్నాళ్ళుండి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే పాట, పిన్ని ఇలా, పిన్ని అలా అని. ఇంటర్ కూడా అక్కడే ఉండి చదువుతానంది. పైగా వచ్చే ఆదివారం పిన్ని భీమిలి చూపిస్తానందట! నాకు ఒళ్ళు మండింది. ఆ ఆదివారం రాకముందే, శనివారం పొద్దున్నే దాన్ని నేనే బయల్దేరదీశాను.

చోడవరంలో ఆరున్నరకు బస్సెక్కితే తొమ్మిదిలోపు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగాం. అక్కడ బీచ్ రోడ్డు మీదుగా వెళ్ళే భీమిలి బస్సు దొరికింది. రుషికొండ దాటాక కూడా సముద్రం కనబడుతూనే ఉంటుంది, ఎంత చూసినా తనివి తీరదు. భవ్య మాత్రం ఫోటో తీయడం, పిన్నికి పంపడం. టిక్కెట్టు నాది, ఫోటోలు ఆవిడకి.

భీమిలిలో ఊరంతా తిప్పడానికి ఆటో అతను మూడొందలు అడిగి రెండొందల యాభైకి ఒప్పుకున్నాడు. పాత లైట్‌హౌస్, గడియార స్తంభం చూపించి, ఏ ఊరని అడిగాడు. చోడవరం అన్నాను.

"మా తాత సెప్పేవోడమ్మా, మీ వైపు బెల్లం ఇక్కడే ఓడెక్కేదంట. ఇప్పుడు ఓడల్లేవు, సూడ్డానికొచ్చినోళ్ళే మిగిలేరు" అని నవ్వాడు.

చివర, ఎప్పుడో వ్యాపారానికి ఓడల్లో వచ్చి ఇక్కడే పోయిన డచ్చివాళ్ళ సమాధుల దగ్గర ఆపాడు. రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు ఇంకా తెలుస్తున్నాయి. భవ్య ఒక రాయి ముందు చాలాసేపు కూర్చుంది.

"అమ్మా, ఈయన పోయేడని వాళ్ళమ్మకి ఎప్పుడు తెలిసుంటాది?"

"ఓడ తిరిగెళ్తేగానీ తెలీదు కదే."

"అందాకా ఎదురుచూస్తానే ఉండుంటాది."

ఈ పిల్ల ఇల్లు వదిలి వెళ్ళబోతోందన్న దిగులు అప్పుడే నన్ను పూర్తిగా పట్టుకుంది.

మధ్యాహ్నం ఒడ్డున పాక హోటల్లో చేపల పులుసుతో భోజనం, మనిషికి నూట ఇరవై. ఎలాగుందని వండినావిడ అడిగితే, "బాగుంది. మా పిన్ని మావిడికాయ ఏస్తాది, అదింకా బాగుంటాది" అంది నా కూతురు. ఆవిడ నా మొహం చూసి నవ్వాపుకుని, నాకు ఇంకో ముక్క వేసింది.

తిరుగు బస్సులో నేనే ఆ మాటెత్తాను. "కాలేజీకి అక్కడికే ఎల్దువుగానిలే."

"కోపంగా ఉందా?"

"కుళ్ళుగా ఉంది."

అది పకపకా నవ్వి, ఆ మాట కూడా పిన్నికి మెసేజ్ పెట్టింది.

బిడ్డల్ని ఆ ఓడలెక్కించిన తల్లులు ఎంత గుండె దిటవు చేసుకున్నారో! నాది బస్సు ప్రయాణమంత దూరమే. కానీ ఒకటి, వాళ్ళ పిల్లలకు ఈ ఒడ్డున పిన్నులు లేరు. భీమిలి వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే: కాంప్లెక్స్‌లో బస్సెక్కగానే కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి, సముద్రమంతా అటే. నేను ఆ సీటు భవ్యకిచ్చి పక్కన కూర్చున్నాను. ఇకమీద ఆ దారిలో దాని పక్కన ఎవరు కూర్చుంటారో తలుచుకుంటే ఇప్పుడు కూడా కడుపు మండుతోంది.